గుర్రం నేర్చే విద్యలు

(మనిషి మచ్చిక చేసుకొన్న జంతువుల్లో గుర్రం ఒకటి. బండి లాగడం, రౌతును మోయడం మాత్రమే కాక అది ఇంకా ఎన్నో విద్యలు నేర్చుకొంటుంది. ఆ విద్యలు నేర్పడంలో ఉన్న మేలును, పొంచి ఉన్న ప్రమాదాన్ని ఈ పాఠం వివరిస్తుంది.)

పెళ్ళి ఊరేగింపులో డోలు మోతకు తగినట్లు అడుగులు వేసే గుర్రాన్ని మీరు చూసే ఉంటారు. సర్కస్ డేరాలో ముందరి కాలు మడిచి, తల వంచి నమస్కరించే గుర్రాన్ని చూసి చప్పట్లు కొట్టి ఉంటారు. "ఆహా! ఎంత తెలివైన గుర్రం!" అని మెచ్చుకొని ఉంటారు. అయితే ఆ గుర్రానికి ఆ విద్య ఎలా వచ్చింది? తాను చేస్తున్నదేమిటో దానికి తెలుసా? ఇటువంటి విద్యలు నేర్పడం వల్ల గుర్రానికీ, నేర్పేవారికీ కలిగే లాభనష్టాలు ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకొందాం.

మన దేశంలో అశ్వవిద్య

మన దేశంలో అశ్వవిద్యకు చాలా పాత చరిత్ర ఉంది. మహాభారతంలోని నలుడు అశ్వహృదయం తెలిసినవాడు. గుర్రం మనసు ఎరిగి దానిని నడిపే విద్యకే ఆ పేరు. అజ్ఞాతవాస కాలంలో నకులుడు విరాటరాజు అశ్వశాలలో గుర్రాలను సంరక్షించాడు. అమరకోశం గుర్రపు నడకలను ఐదుగా విభజించి, వాటికి ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని పేర్లు పెట్టింది. వీటినే పంచధారలు అంటారు. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అనే కావ్యం రచించి గుర్రాల లక్షణాలను వివరించాడు.

విజయనగర రాజులు అరేబియా, పారశీక దేశాల నుండి ఓడల మీద మేలుజాతి గుర్రాలను తెప్పించుకొనేవారు. హంపీలోని హజార రామాలయం ప్రాకారపు గోడ మీద బారులు తీరిన గుర్రాలను, వాటిని నడిపించే మనుషులను నేటికీ చూడవచ్చు. తమిళనాడులో శ్రీరంగం దేవాలయంలోని శేషరాయర్ మండపం స్తంభాల మీద, ముందరి కాళ్ళు గాలిలోకి ఎత్తి నిలిచిన గుర్రాల శిల్పాలు ఉన్నాయి. ఆ రోజుల్లో గుర్రానికి విద్య నేర్పడమంటే ప్రధానంగా యుద్ధానికి సిద్ధం చేయడమే.

ఇప్పుడు యుద్ధరంగంలో గుర్రాల అవసరం దాదాపుగా తీరిపోయింది. కాని గుర్రానికి విద్యలు నేర్పడం ఆగిపోలేదు. మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా సారంగఖేడాలో, తాపీ నది ఒడ్డున, దత్త జయంతి సమయంలో పెద్ద గుర్రాల సంత జరుగుతుంది. అక్కడికి నాట్యమాడే గుర్రాలు కూడా వస్తాయి. వాటిని చూడడానికే ఎందరో వెళతారు. చూసేవారికి అది వేడుక. పెంచేవారికి అది జీవనోపాధి. మరి గుర్రానికి?

గుర్రం స్వభావం

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందుగా గుర్రం స్వభావం తెలియాలి. గుర్రం గడ్డి మేసే జంతువు. క్రూరమృగాలు తనను వేటాడకుండా తప్పించుకోవడానికి దానికి ప్రకృతి ఇచ్చిన ఆయుధం పరుగు. అందుకే చిన్న అలికిడి అయినా అది ఉలిక్కిపడుతుంది. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ ఉన్నదంతా ఇంచుమించుగా చూడగలదు. నుదుటికి ఎదురుగా ఆనుకొని ఉన్న కొద్దిచోటు, తోక వెనుకభాగం మాత్రం దానికి కనిపించవు. చెవులను రెండింటినీ వేరువేరుగా, వేరువేరు దిక్కులకు తిప్పగలదు. తన చర్మం మీద వాలిన ఈగను కూడా పసిగడుతుంది.

ఇంత సునిశితమైన జంతువుకు విద్య నేర్పడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఒత్తిడి పెట్టి, తీసివేయడం. రౌతు పగ్గాన్ని మెల్లగా లాగుతాడు. గుర్రం ఆగగానే పగ్గం వదులుతాడు. ఆగితే ఒత్తిడి పోతుందని గుర్రం గ్రహిస్తుంది. రెండవది బహుమానం ఇవ్వడం. చెప్పిన పని చేయగానే క్యారెట్ ముక్కో, గుప్పెడు దాణానో పెట్టడం, మెడ నిమరడం ఇందులోనివి. రెండు పద్ధతుల్లోనూ ముఖ్యమైనది సమయం. పని చేసిన మరుక్షణమే మెచ్చుకోలు అందాలి. ఆలస్యమైతే గుర్రం ఆ మెచ్చుకోలును ఆ తరువాత చేసిన మరో పనికి ముడివేసుకొంటుంది. కాలు ఎత్తినందుకు ఇవ్వవలసిన క్యారెట్‌ను, అది మన జేబును మూతితో పొడిచినప్పుడు ఇస్తే, అది జేబు పొడవడమే నేర్చుకొంటుంది.

లెక్కలు చేసిన గుర్రం

మనం నేర్పుతున్నామని అనుకొన్నది ఒకటి, గుర్రం నేర్చుకొనేది మరొకటి కావచ్చు. ఇందుకు ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది.

జర్మనీ రాజధాని బెర్లిన్ నగరంలో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. జంతువులకు కూడా చదువు చెప్పవచ్చునని ఆయన గట్టిగా నమ్మాడు. హాన్స్ అనే తన గుర్రానికి నల్లబల్ల పెట్టి, ఎంతో ఓర్పుతో కూడికలు, తీసివేతలు, భిన్నాలు నేర్పాడు. ప్రశ్న అడిగితే హాన్స్ తన ముందరి కాలి గిట్టతో నేలమీద తట్టి సమాధానం చెప్పేది. మూడూ నాలుగూ ఎంత అంటే ఏడుసార్లు తట్టి ఆగేది. ఫాన్ ఓస్టెన్ ఈ ప్రదర్శనలకు రుసుము వసూలు చేయలేదు. ఎవరినీ మోసగించాలన్న తలంపు ఆయనకు లేదు.

1904 సెప్టెంబరులో కార్ల్ స్టుంఫ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుని నాయకత్వంలో 13 మంది సభ్యుల సంఘం హాన్స్‌ను పరీక్షించింది. అందులో పశువైద్యుడు, సర్కస్ నిర్వాహకుడు, ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. యజమాని లేనప్పుడు ఇతరులు అడిగిన ప్రశ్నలకు కూడా హాన్స్ సరిగానే సమాధానం చెప్పింది. ఇందులో మోసమేదీ లేదని సంఘం తేల్చింది.

ఆ తరువాత స్టుంఫ్ శిష్యుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ మరింత లోతుగా పరిశీలించాడు. ఆయన చేసిన పని చాలా సులభమైనది. ప్రశ్న అడిగే మనిషికే సమాధానం తెలియకుండా ఏర్పాటు చేశాడు. అంతే! హాన్స్ తప్పులు చెప్పసాగింది. అడిగే మనిషి కనబడకుండా కళ్ళకు గంతలు కట్టినప్పుడు కూడా తడబడింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ప్రశ్న అడిగినవారు గుర్రం కాలిని చూడడానికి తమకు తెలియకుండానే తల కొద్దిగా వంచుతున్నారు. అది చూసి హాన్స్ తట్టడం మొదలుపెడుతున్నది. సరైన సంఖ్య రాగానే వారి తల రవ్వంత పైకి లేస్తున్నది. అది చూసి హాన్స్ ఆపేస్తున్నది. ఈ రహస్యం తెలిసిన తరువాత కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలికను పూర్తిగా ఆపుకోలేకపోయాడు.

హాన్స్‌కు లెక్కలు రావు. కాని మనిషి తనకే తెలియకుండా చేసే సూక్ష్మమైన కదలికను చదవడం దానికి వచ్చు. యజమాని నేర్పదలచింది గణితం. గుర్రం నేర్చుకొన్నది యజమాని ముఖం. ఆ విద్యను దానికి ఎవరూ కావాలని నేర్పలేదు. గుర్రానికి విద్య నేర్పే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. మనం ఏమి అనుకొంటున్నామో గుర్రానికి తెలియదు. దేనికి బహుమానం దొరికిందో అది మాత్రమే తెలుస్తుంది.

విద్యలు నేర్పడం వల్ల మేలు

సరైన పద్ధతిలో నేర్పిన విద్య గుర్రానికి మేలు చేస్తుంది. గుర్రం మందలో తిరుగుతూ, రోజంతా మేస్తూ బతికే జంతువు. దానిని లాయంలో ఒంటరిగా కట్టివేస్తే విసుగు పుట్టి కొయ్యలు కొరకడం, ఉన్నచోటనే అటూ ఇటూ ఊగడం వంటి దురలవాట్లు వస్తాయి. రోజుకు కొంతసేపు కొత్తపని నేర్పితే దాని మనసుకు పని దొరుకుతుంది.

రెండవ మేలు దేహానికి సంబంధించినది. క్యారెట్ ముక్కను చూపిస్తూ గుర్రం మెడను పక్కకు, ముందరి కాళ్ళ మధ్యకు మెల్లగా తిప్పిస్తే మెడ, వీపు కండరాలు బలపడతాయి. వీపునొప్పి నుండి కోలుకొంటున్న గుర్రాలకు పశువైద్యులు ఇటువంటి వ్యాయామాన్ని సూచిస్తారు.

మూడవది నిత్యజీవితంలో ఉపయోగం. పిలిస్తే రావడం, చెప్పిన చోట కదలకుండా నిలబడడం, అడిగిన కాలు ఎత్తి ఇవ్వడం, తల కిందికి దించడం ఇవన్నీ చిన్న విద్యలే. కాని లాడం కొట్టేవాడు వచ్చినప్పుడు, సూదిమందు వేయవలసినప్పుడు ఇవే అక్కరకు వస్తాయి. తల దించడం నేర్చిన గుర్రానికి కళ్ళెం తగిలించడం తేలిక. కాలు ఇవ్వడం నేర్చిన గుర్రం గిట్టలో ఇరుక్కొన్న రాయిని తీయించుకొంటుంది. ఇటువంటి గుర్రాన్ని కట్టి, కొట్టి, నలుగురు పట్టుకోవలసిన పని ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నమ్మకం. మనిషి దగ్గరికి వస్తే మంచే జరుగుతుందని గుర్రం తెలుసుకొంటుంది. గుర్రం ఎప్పుడు భయపడుతుందో, ఎప్పుడు అలసిపోతుందో మనిషి తెలుసుకొంటాడు. నేర్పేవాడు కూడా నేర్చుకొంటాడన్నమాట.

పొంచి ఉన్న ప్రమాదాలు

ఎదిగిన గుర్రం సాధారణంగా 400 నుండి 500 కిలోల బరువు ఉంటుంది. దానికి ఆట అయినది మనిషికి ప్రాణాపాయం కావచ్చు. ముందరి కాళ్ళు ఎత్తి నిలబడడమే తీసుకోండి. చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది. కాని పట్టు తప్పితే గుర్రం వెనక్కు పడుతుంది. పైనున్న రౌతు దాని కింద నలిగిపోతాడు. ఎదురుగా నిలబడినవారికి గిట్టల దెబ్బ తలకు తగులుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. బహుమానం దొరికిన విద్యను గుర్రం అడగకుండానే చేయడం మొదలుపెడుతుంది. నేర్పిన మనిషి దగ్గర కాకపోయినా, దాణా పెట్టడానికి వచ్చిన పిల్లవాని ఎదుట కూడా చేస్తుంది. కాళ్ళెత్తితే క్యారెట్ వస్తుందని దానికి తెలుసు. ఎదుట ఉన్నది పిల్లవాడని, దెబ్బ తగులుతుందని దానికి తెలియదు. హాన్స్ ఎవరి తల కదిలినా ఆగినట్లే, ఈ గుర్రం ఎవరి చేయి లేచినా అది తనకు సైగ అనుకొంటుంది. దారిన పోయేవారు గొడుగు ఎత్తినా దానికి సైగే!

గుర్రప్పిల్ల మన భుజం మీద కాళ్ళు పెడితే ముచ్చటపడి నవ్వుతాం. అదే అలవాటు నాలుగేళ్ళ తరువాత పెద్ద గుర్రానికి ఉంటే దగ్గరికి పోలేం. "మొక్కై వంగనిది మానై వంగునా?" అన్నారు మన పెద్దలు. అప్పుడు జనం ఆ గుర్రాన్ని పొగరుబోతు అంటారు. కొడతారు. చివరికి ఎవరికో తక్కువ ధరకు అమ్మివేస్తారు. తప్పు నేర్పినవాడిది, శిక్ష నేర్చుకొన్నదానిది.

చేతితో తినిపించడంలో కూడా జాగ్రత్త అవసరం. హద్దు లేకుండా తినిపిస్తే గుర్రం జేబులు వెదకడం, చేతులు కొరకడం నేర్చుకొంటుంది. ఎముకలు పూర్తిగా ముదరని చిన్నగుర్రం చేత మోకాళ్ళ మీద వంగడం, ఎగరడం వంటివి పదేపదే చేయిస్తే కీళ్ళు చెడిపోతాయి.

వీటన్నిటికంటే బాధాకరమైనది క్రూరత్వం. గుర్రాన్ని రెండు గుంజల మధ్య కట్టి, కర్రతో కాళ్ళమీద కొడుతూ అడుగులు నేర్పేవారు ఉన్నారు. ముళ్ళున్న కళ్ళెం వాడి నోరు చీల్చేవారూ ఉన్నారు. అలా నేర్చిన గుర్రం నాట్యం చేయదు. దెబ్బకు భయపడి కాళ్ళు ఎత్తుతుంది. మన దేశంలో 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ముళ్ళున్న కళ్ళేలను వాడరాదని 1965లో చేసిన నిబంధనలు చెబుతున్నాయి. ప్రదర్శన కోసం జంతువులకు శిక్షణ ఇచ్చేవారు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలని 2001లో చేసిన నిబంధనలు చెబుతున్నాయి.

ఓర్పుతో నేర్పే పాఠశాల

కష్టమైన విద్యలను హింస లేకుండా నేర్పవచ్చునా? నేర్పవచ్చు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో స్పానిష్ అశ్వారోహణ పాఠశాల ఉంది. దాని ప్రదర్శనశాల నిర్మాణం 1735లో పూర్తయింది. అక్కడ లిపిజ్జానర్ జాతి గుర్రాలకు శిక్షణ ఇస్తారు. వెనుకకాళ్ళు మడిచి, బరువంతా వాటిమీద నిలిపి, ముందరి భాగాన్ని పైకెత్తి నిశ్చలంగా ఉండడం వాటి విద్యల్లో ఒకటి. నాలుగు కాళ్ళతో గాలిలోకి ఎగిరి వెనుకకాళ్ళు చాచడం మరొకటి.

ఈ విద్యలను అక్కడ తొందరపడి నేర్పరు. గుర్రానికి సుమారు నాలుగేళ్ళు వచ్చేదాకా శిక్షణ మొదలుపెట్టరు. మొదట తిన్నగా నడవడం, ఆగడం, తిరగడం నేర్పుతారు. శిక్షణ పూర్తికావడానికి ఏళ్ళు పడుతుంది. గాలిలోకి ఎగిరే విద్యను అన్ని గుర్రాలకూ నేర్పరు. ఏ గుర్రానికి ఏ విద్య సహజంగా వస్తుందో కనిపెట్టి దానికి అదే నేర్పుతారు. ఈ పాఠశాల అశ్వవిద్యా సంప్రదాయాన్ని యునెస్కో 2015లో మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

నేర్పేవారు పాటించవలసిన వరుస

గుర్రానికి ఏదైనా విద్య నేర్పదలచినవారు ఈ వరుసను పాటించాలి. మొట్టమొదట నిలబడడం, వెనక్కు జరగడం నేర్పాలి. మనిషికీ తనకూ మధ్య ఉండవలసిన దూరం గుర్రానికి తెలియాలి. ఆ తరువాతనే ఇతర విద్యలు. ప్రతి విద్యకూ ఒకే సైగ ఉండాలి. ఆ సైగ మామూలు చేతి కదలికలతో కలిసిపోకూడదు. సైగ లేకుండా చేసిన విద్యకు బహుమానం ఇవ్వకూడదు. పాఠం పది పదిహేను నిమిషాలు మించకూడదు. గుర్రం అలసిపోకముందే ఆపాలి. కాళ్ళెత్తడం, తన్నడం, కొరకడం వంటివి ఆటకు కూడా నేర్పకూడదు. ఏదైనా విద్యను గుర్రం చేయడానికి ఇష్టపడకపోతే, ముందుగా దానికి ఎక్కడైనా నొప్పి ఉన్నదేమో చూడాలి.

మీ ఊరిలో గుర్రం కనిపిస్తే దాని వెనుక నుండి వెళ్ళకండి. భుజం వైపు నుండి, మెల్లగా పలకరిస్తూ వెళ్ళండి. యజమాని అనుమతి లేకుండా ఏమీ తినిపించకండి. తినిపించవలసివస్తే అరచేతిని చాపి, దానిమీద పెట్టి అందించండి. గుర్రం నాట్యం చేస్తుంటే అడుగులను మాత్రమే చూడకండి. దాని చెవులను చూడండి. అవి మనిషి మాట వింటున్నట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయా, లేక వెనక్కు వాలి మెడకు అంటుకుపోయాయా? నోరు ప్రశాంతంగా ఉందా, కళ్ళెం నొప్పికి తెరుచుకొని ఉందా? తోకను ఊరికే విదిలిస్తున్నదా? కళ్ళలో తెల్లగుడ్డు కనిపిస్తున్నదా? ఈ గుర్తులు చదవగలిగితే ఆ గుర్రం ఆడుతున్నదో, భయపడుతున్నదో మీకే తెలుస్తుంది. భయపడుతున్న గుర్రానికి చప్పట్లు కొట్టకండి.

కొత్త పదాలు – అర్థాలు

రౌతు = గుర్రం ఎక్కి నడిపేవాడు
లాయం = గుర్రాలను కట్టే చోటు, అశ్వశాల
గిట్ట = గుర్రం కాలి కింది గట్టిభాగం
పగ్గం = గుర్రాన్ని నడపడానికి పట్టుకొనే తాడు
లాడం = గిట్ట అరగకుండా కొట్టే ఇనుపరేకు
సునిశితం = మిక్కిలి పదునైనది
రవ్వంత = చాలా కొద్దిగా
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు

ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. పంచధారలు అంటే ఏమిటి? వాటి పేర్లు రాయండి.
2. మెచ్చుకోలు ఆలస్యమైతే ఏమి జరుగుతుంది?
3. హాన్స్ తట్టడం ఎప్పుడు మొదలుపెట్టేది? ఎప్పుడు ఆపేది?

ఆ. ఈ కింది ప్రశ్నలకు పది వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. గుర్రానికి విద్యలు నేర్పడం వల్ల కలిగే మేలును వివరించండి.
2. "తప్పు నేర్పినవాడిది, శిక్ష నేర్చుకొన్నదానిది." ఈ మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఇ. వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు రాయండి: అశ్వారోహణ, మొట్టమొదట.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: లాభనష్టాలు, పంచధారలు, అశ్వశాల.
3. పాఠంలో నుండి క్త్వార్థక, శత్రర్థక, చేదర్థక క్రియలను మూడేసి చొప్పున ఏరి రాయండి.

ఈ. చేయవలసిన పని
మీ ఊరిలో ఎద్దు, గుర్రం, కుక్క వంటి జంతువులకు పని నేర్పే పెద్దలను కలుసుకోండి. వారు వాడే పిలుపులను, సైగలను అడిగి తెలుసుకొని రాయండి. వాటిలో తెలుగు మాటలెన్నో, మీ ప్రాంతపు భాష మాటలెన్నో గుర్తించండి.